ఓదెమ్మ మట్టెలూ బీపీ గోలీలూ

మా ఊళ్ళో వానాకాలం నాట్లు మొదలయ్యాయని ముందుగా చెప్పేది ఓదెమ్మ గొంతే. ఇంకా ఆరు కొట్టకముందే వాడకట్టు మొదటి నుంచి చివరిదాకా నడుస్తూ, ఏ ఇంటి ముందూ ఆగకుండా, ఇంటికో పేరు పిలుచుకుంటూ పోతుంది. ఆమె నాటు గుంపులో పదమూడు మంది ఆడవాళ్ళు. పిలిచాక రెండు నిమిషాల్లో సద్దిగిన్నె పట్టుకుని బయటికి రాని మనిషికి ఆ రోజంతా మడిలో తిట్లే తిట్లు. ఓదెమ్మకు యాభై ఆరేళ్ళు. ఒకసారి నడుం వంచిందంటే వరస పూర్తయ్యేదాకా ఎత్తదు. నాటు బాగా వేస్తావని ఎవరన్నా మెచ్చుకుంటే, "నా మొకం జూసి గాదు, నాటు జూసే పిలుస్తుర్రు" అంటుంది.

నేను ఈ ఊరి ఆశా కార్యకర్తను. పేరు సుజాత. ఊరు కురవికి నాలుగు కిలోమీటర్లు. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు. బీపీ చూడటానికి వచ్చి బీపీ పెంచిపోతుందని నా వెనక నవ్వుతారు కూడా. నవ్వనీ. తండాలో మంగ్యా తాత "తల నొస్తలేదు గదా, ఇగ గోలీ ఎందుకు" అని మందు మానేశాడు. నెల తిరక్కుండానే కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. అప్పటినుంచి ఎవరన్నా "మింగుతున్నా" అంటే నేను నమ్మను, ఖాళీ షీటు చూపించాల్సిందే. నెలాఖరున ఇల్లిల్లూ తిరిగి గోలీల షీట్లు ఏరుకునే ఆశా ఈ మండలంలో నేనొక్కదాన్నే ఉంటాను.

ఓదెమ్మకు బీపీ ఉందని బయటపడింది రెండేళ్ళ కిందట. నూట డెబ్బై ఆరు, కింద నూట నాలుగు. పల్లె దవాఖానలో డాక్టర్ హరిత మేడం అమ్లోడిపిన్ ఐదు ఎంజీ గోలీ రాసింది. మేడం జనగామ అమ్మాయి. గొంతు పెంచదు గానీ చెప్పిన మాట మార్చదు. ఐదుతో కొంత తగ్గింది కానీ చాల్లేదు. మొన్న ఏప్రిల్‌లో పదికి పెంచింది. నెల తిరిగేసరికి నూట ముప్పై ఎనిమిది వచ్చింది. నా పుస్తకంలో ఓదెమ్మ పేరు పక్కన ఎర్రపెన్నుతో పెట్టిన గుర్తు కొట్టేసి సంతోషపడ్డాను.

జూన్‌లో చూస్తే నూట డెబ్బై రెండు. జూలై మొదటివారంలో నూట ఎనభై ఎనిమిది.

"వేసుకుంటుందా?" అని మేడం అడిగింది.

"వేసుకుంటది మేడం. షీట్లు నేనే చూస్తున్న. ఒక్క గోలీ మిగుల్తలేదు" అని గట్టిగా చెప్పాను. ఆమె తరఫున పూచీ పడ్డాను కూడా. మేడం, అయితే ఇంకో మందు కలపాల్సి వస్తుందేమో, ఒకసారి తీసుకురా అంది.

తీసుకురావడమంటే ఓదెమ్మను నాట్ల కాలంలోనా! రెండుసార్లు కబురు పెట్టాను, రాలేదు. మూడోరోజు బీపీ మిషన్ సంచీలో వేసుకుని నేనే పొలానికి పోయాను. నన్ను చూసి గుంపంతా నవ్వింది. ఓదెమ్మ మాత్రం నారు కట్ట విప్పుతూ, "ఈ వరస అయినంక" అంది. అయ్యాక గట్టు మీదికి వచ్చింది. ఎడమకాలు జాగ్రత్తగా పెడుతూ వచ్చింది. కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడనివ్వకుండా ఉంచి బీపీ చూశాను. నూట తొంభై ఆరు, కింద నూట పది. ఇంకోసారి చూశాను. అంతే ఉంది.

"కాలు కడిగి జూపియ్ అత్తా."

"కాలుకేమైంది, మంచిగనే ఉన్నది."

"మంచిగుంటే కుంటుకుంట ఎందుకొచ్చినవ్?"

కాలువలో కాళ్ళు కడిగింది. వాపేమీ లేదు. కానీ రెండోవేలికి ఉన్న మట్టె కింద చర్మం గాడి పడి, ఒరుసుకుపోయి, బురదకు పచ్చిపుండైంది. రెండు కాళ్ళకూ అంతే, ఎడమకాలికి ఎక్కువ. పాతకాలపు లావుపాటి వెండి మట్టెలు, మధ్యలో తెరుపు లేని చుట్లు. ఇంతకాలం ఆమె చెయ్యి పట్టుకుని బీపీ చూశాను గానీ కాళ్ళవైపు ఒక్కసారీ చూడలేదు. నాకు మట్టెల్లేవు. మాది చర్చి పెళ్ళి, వేలికి ఉంగరాలు మార్చుకున్నాం. మట్టె బిగిస్తే ఎట్లా ఉంటుందో నాకేం తెలుసు.

"గిదేంది?" అన్నాను.

ఓదెమ్మ మడివైపు చూసింది. గుంపు దూరంగా ఉంది. అప్పుడు చెప్పింది.

"నువ్విచ్చిన గోలీ మింగితె పదిరోజులల్ల కాళ్ళు ఉబ్బుతయ్. మట్టెలు వేళ్ళల్లకు దిగుతయ్. బంద్ జేస్తె తగ్గుతయ్. తలకాయ పలిగిపోతదని మళ్ళ మింగిన, మళ్ళ ఉబ్బినయ్. ఒక్కసారి గాదు, మూడుసార్లు జూసిన. అందరు కిడ్నీలు ఖరాబైనయని పరేషాన్ జేసిర్రు. కిడ్నీలు ఖరాబైతె గోలీ బంద్ జెయ్యంగనె కాళ్ళు బాగైతయా? ఇది గోలీ పనే."

నేను చదివింది ఇంటర్. ఆమె బడి గడప తొక్కలేదు. మూడుసార్లు వేసుకుని, మూడుసార్లు మానేసి, రోజులు లెక్కపెట్టుకుని తేల్చుకుంది. నాకు మాత్రం ఖాళీ షీట్లే కనిపించాయి.

"మరి షీట్ల గోలీలు ఏం జేసినవ్?"

"బంతిచెట్ల మొదట్ల పెట్టిన."

"నాకెందుకు జెప్పలే?"

"చెప్తె తిడ్తవ్ గదా బిడ్డా."

నిజం. తిట్టేదాన్నే. ఊళ్ళో అందరూ అనే మాటే అయినా అది ఓదెమ్మ నోట, అంత మామూలుగా వినేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కోపానికి భయపడి మనుషులు మందు వేసుకుంటున్నారనుకున్నాను. నా కోపానికి భయపడి అబద్ధమాడుతున్నారని ఆ రోజు తెలిసింది.

మట్టెలు తీసేస్తే అయిపోయేదిగా అని అడిగాను. వేళ్ళకు ఉండగానే వదులు చేస్తాడేమోనని, వెండి పని చేసే అవుసుల సోమాచారి దగ్గరికి మే నెలలోనే పోయిందట. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి, ఊడి రావు, కొయ్యాలన్నాడట ఆయన.

"మనిషి బతికుండంగ మట్టె కొస్తరా?" అంది ఓదెమ్మ. అంటూనే కొంగు ముడి విప్పి సగం వాడిన ఒక షీటు తీసింది. భూపాలపల్లిలో ఉండే అక్క లచ్చమ్మ మొన్న వచ్చినప్పుడు వదిలిపెట్టి పోయిందట. లచ్చమ్మ మొగుడు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. "మా అక్కకు గూడ బీపీయే. గిది మింగుతది. దాని కాళ్ళు నాకంటె సన్నగున్నయ్. గిది నేను మింగొచ్చునా?"

"మింగినవా?"

"లేదు. నిన్ను అడుగుదామని కొంగుకు కట్టుకున్న. ధైర్యం రాలే."

మర్నాడు ఆమెను బండి మీద ఎక్కించుకుని దవాఖానకు పోయాను. పోగానే మేడంతో, పూచీ పడ్డది తప్పని ఒప్పుకున్నాను. మేడం నన్ను తిట్టలేదు. ఓదెమ్మ కాళ్ళు నొక్కి చూసింది, గుండె విన్నది, మూత్రం, రక్తం పరీక్షకు రాసింది. మానుకోటలో పరీక్షలు చేయించాం. కిడ్నీలు బాగున్నాయి. అప్పుడు రెండు షీట్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి మాట్లాడింది.

"అమ్లోడిపిన్, సిల్నిడిపిన్. పేరు చివర చూడు సుజాతా, రెండింటికీ ఒకటే. ఒక్క కుటుంబం మందులు. రెండూ రక్తనాళాలు సడలించి బీపీ తగ్గిస్తయ్. కాకపోతే మొదటిది రక్తం తెచ్చే సన్న నాళాలను బాగా సడలిస్తది, తీసుకుపోయే నాళాలను అంత సడలించదు. అందుకే కొందరికి పాదాల్లో నీరు చేరుతది. మోతాదు పెరిగితే ఎక్కువ. ఎండకు, రోజంతా నిలబడితే ఇంకా ఎక్కువ. రెండోది రెండు దిక్కులా సడలిస్తది. వాపు తక్కువ. అస్సలు రాదని మాత్రం నేను చెప్పలేను."

ఓదెమ్మ అయోమయంగా నా మొహం చూసింది. ఆమెకు తెలిసిన భాషలో నేను చెప్పాను. "మడికి నీళ్ళొచ్చే కాలువ వెడల్పు జేసి, నీళ్ళు పోయే మడవ గట్లనే ఉంచితె ఏమైతదత్తా?"

"మడి నిండి గట్టు తెగుతది."

"నీ కాలు గట్లయింది. లచ్చమ్మ గోలీ మడవను గూడ వెడల్పు జేస్తది."

"మరి ముందే అది ఇయ్యకపోయిర్రు?"

మేడం నవ్వింది. అమ్లోడిపిన్ చెడ్డ మందేమీ కాదనీ, ఎన్నో ఏళ్ళుగా లక్షలమందికి పనిచేస్తున్నదనీ, ఎక్కువమందికి వాపే రాదనీ, మన మందుల గదిలో ఉన్నదీ అదేననీ చెప్పింది. కొత్తదాన్ని మానుకోటలో జనరిక్ షాపులో తెచ్చుకోమని రాసింది. వాపు వస్తే బంతిచెట్టుకు కాకుండా తనకు చెప్పమంది. చివరన, "మట్టెలు మాత్రం తీసి వదులు చేయించుకో అమ్మా. పుండు మానాలంటే గాలి తగలాలి. కొత్త మందుకు కొంచెం ఉబ్బినా మళ్ళీ కోసుకుపోతది" అంది.

ఓదెమ్మ సరేనని తల ఊపింది. ఆ తల ఊపడం గోలీ మింగుతున్నా అన్నట్టే ఉందని నాకప్పుడు తట్టలేదు.

రోజూ పొద్దున ఆమె పేర్లు పిలవడానికి బయల్దేరే ముందే నేను వాళ్ళింటికి పోయేదాన్ని. నా ముందే గోలీ మింగేది, కాళ్ళు చూపించేది. బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందేమో చూసేదాన్ని. నాలుగురోజులు ఏమీ లేదు. వారం దాటినా ఏమీ లేదు. బీపీ నూట యాభై నాలుగుకు దిగింది. ఓదెమ్మ మొగుడు యాకయ్య అరుగు మీద కూర్చుని మేకలకు ఆకు విరుస్తూ మమ్మల్ని చూసి, "రోజూ కాళ్ళు వట్టుకుంటున్నవ్, ఏం వరం గావాలె బిడ్డా?" అని ఆటపట్టించేవాడు. యాకయ్యది గీత పని. పదకొండేళ్ళ కిందట తాటిచెట్టు మీద నుంచి పడి తుంటి విరిగింది. ఇప్పుడు కట్టె పట్టుకుని నడుస్తాడు.

పదోరోజు పొద్దున పోయేసరికి ఓదెమ్మ గోలీ చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మింగలేదు. కాలు చూశాను. ఏప్రిల్‌లో వచ్చినంత కాదట, అందులో పావువంతు కూడా లేదట. కానీ కాస్త పొంగింది. ఆ కాస్తకే మట్టె పుండు మీద కూర్చుంది.

"గిది గూడ గంతే" అంది. "బంద్ జేస్త. నన్ను తిట్టకు."

"తిట్ట. మట్టె తియ్యి. సోమాచారి కొయ్యనక్కర లేదు, గిప్పుడు సబ్బు వెడితె ఊడొస్తది. వదులు జేసి ఇస్తడు, ఒక్క పూట పని."

"తియ్య."

"ఎందుకు?"

పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ చెప్పింది. యాకయ్య చెట్టు మీద నుంచి పడ్డ రోజు ఆమె నాటులో ఉంది. మడి నుంచి అట్లాగే ఉరికింది. తాటిచెట్టు కింద యాకయ్య కళ్ళు మూసుకుని పడి ఉన్నాడు. చుట్టూ జనం. ఓదెమ్మ వచ్చి నిలబడగానే ఒక ముసలమ్మ ఆమె మొహం చూడలేదు. బురదలో ఉన్న ఆమె కాళ్ళవేళ్ళు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అప్పటికే నా మట్టెలు తీసేసినట్టే జూసింది" అంది ఓదెమ్మ. "మూడునెలలు వరంగల్ పెద్ద దవాఖానల ఉన్నం. రోజు పొద్దున లేవంగనె ముందుగాల మట్టెలు జూసుకునేది. తర్వాతనే ఆయనను జూసేది. మట్టెలున్నయంటె ఆయన ఉన్నడు. ఇగ అప్పటినుంచి తియ్యలే. మెరుగు వెట్టిచ్చుకుందామని గూడ తియ్యలే. నాకు గోలీ లేకున్న సరే."

నాకు దుఃఖం వచ్చింది. దుఃఖం వస్తే నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు. లేచి అరుగు మీదికి వచ్చి యాకయ్య మీద విరుచుకుపడ్డాను.

"మామా, నీ పెండ్లాం నీ కోసం పక్షవాతం దెచ్చుకుంటున్నది. ఎరుకేనా నీకు?"

ముసలమ్మ చూపు దగ్గర్నుంచి బంతిచెట్ల దాకా అంతా చెప్పేశాను. లోపల నుంచి ఓదెమ్మ "ఓ పిల్లా, ఊకో" అంటూనే ఉంది. యాకయ్యకు ఆ ముసలమ్మ సంగతి తెలియదు. ఎట్లా తెలుస్తుంది, అప్పుడు ఆయనకు తెలివి లేదు. చేతిలో ఆకుల రొట్ట కింద పెట్టాడు. కట్టె పట్టుకుని లేచి లోపలికి పోయాడు. నేను గడప దగ్గరే నిలబడ్డాను.

"కాలు సాపు" అన్నాడు.

"నువ్వు పో అవుతలికి."

"లగ్గంల వెట్టింది నేనే గదా. పూజారి వెట్టలే, అవుసులాయన వెట్టలే. పెట్టినోడు తీస్తె ఏమైతదే?"

ఓదెమ్మ కాలు చాపింది. ఆయన విరిగిన తుంటితో కింద కూర్చోవడానికే రెండు నిమిషాలు పట్టింది. సబ్బు నురగ పెట్టి, మట్టెను కొంచెం కొంచెం తిప్పుతూ లాగాడు. ఆమె పళ్ళు బిగించింది. ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. పదకొండేళ్ళుగా గాలి సోకని చోటు తెల్లగా పాలిపోయి ఉంది. నేను పుండు కడిగి మందు రాసి కట్టు కట్టాను. పొయ్యి దగ్గర వదిలేసిన పొద్దటి గోలీ కాగితంలో చుట్టి సంచీలో వేసుకున్నాను.

సోమాచారి ఇల్లు మూడో వాడకట్టులో. ముగ్గురం పోయాం. నాటు గుంపును ఆ పూటకు ఎవరు పిలిచారో నాకు గుర్తులేదు. సోమాచారి మట్టెలను వేడి చేసి, ఇనుప కడ్డీకి తొడిగి చిన్న సుత్తెతో కొట్టి సాగదీస్తున్నాడు. మేం అరుగు మీద కూర్చున్నాం. ఓదెమ్మ కాళ్ళు చీర కిందికి లాక్కుంది. యాకయ్య ఆమెను ఆనుకుని కూర్చున్నాడు. ఎండ వచ్చినా జరగలేదు. మంచినీళ్ళకు కూడా లేవలేదు.

ఆ దారిన నీళ్ళ బిందెతో పోతున్న ఒక ఆమె ఆగి, చీర అంచు కింద కట్లు కనబడేసరికి, "ఓదెమ్మా, మట్టెలేవే?" అంది. కళ్ళు పెద్దవయ్యాయి.

ఓదెమ్మ చెయ్యి యాకయ్య మోకాలి మీద బిగుసుకుంది.

"లోపల సాగుతున్నయ్" అన్నాడు యాకయ్య. "మొగుడు ఈడనే కూసున్నడు. మంచిగ జూసుకో. కావాల్నంటె గిల్లి జూడు."

బిందె ఆమె పకపకా నవ్వింది. సోమాచారి సుత్తె ఆపి నవ్వాడు. ఓదెమ్మ మొదట మొహం తిప్పుకుంది, తర్వాత ఆమెకూ నవ్వు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ కాళ్ళు చీర కింద నుంచి బయటికి తీసి, ఎండలోకి బార్లా చాపింది. అట్లాగే నా వైపు చెయ్యి చాపింది.

"ఏదీ, పొద్దటి గోలీ. నీ తాననే ఉండె గదా."

నీళ్ళు అడగకుండానే మింగేసింది.

పుండు మానేదాకా మట్టెలు యాకయ్య అంగీ జేబులో ఉన్నాయి. మానాక ఆయనే తొడిగాడు. ఇప్పుడు వాటి కింద చిటికెనవేలి గోరు దూరేంత సందు ఉంది. సాయంత్రానికి కాళ్ళు కాస్త బరువెక్కినా పొద్దటికి తగ్గిపోతుంది. నేను మాత్రం ఊళ్ళో అమ్లోడిపిన్ వేసుకునే ముప్పై ఎనిమిది మంది కాళ్ళూ చూసి వచ్చాను. ఐదుగురికి వాపు ఉంది. అందులో ముగ్గురు ఎవరికీ చెప్పకుండా మానేశారు. తిట్టలేదు. ఇప్పుడు ఎవరింటికి పోయినా షీటు అడిగే ముందు, చెప్పులు బిగుస్తున్నాయా, మట్టెలు బిగుస్తున్నాయా అని అడుగుతున్నాను.

నిన్న నెలాఖరు. ఓదెమ్మ బీపీ నూట ముప్పై నాలుగు, కింద ఎనభై రెండు. ఖాళీ షీటు నా చేతిలో పెట్టింది. తీసుకుని సంచీలో వేసుకున్నాను, వాకిట్లోకి వచ్చాను. బతుకమ్మ దగ్గర పడుతోంది, బంతిచెట్లు మొగ్గ తొడిగాయి. చుట్టూ చూసి, వంగి, ఒక చెట్టు మొదట్లో మట్టి పెళ్ళగించాను. తర్వాత ఇంకో చెట్టు.

"దొరికినయా?" అంది వెనక నుంచి ఓదెమ్మ.

"లేవు" అన్నాను.

"ఆ చివరి చెట్టు గూడ జూడు. మళ్ళ నిద్ర వట్టదు నీకు."

చివరి చెట్టు మొదలు కూడా చూశాను. అక్కడా ఏమీ లేవు.